కార్డు పాపది, కంట్రోల్ వాడిది

మా చిన్నప్పుడు కంట్రోల్ అంటే రేషన్ షాపు. కార్డు పట్టుకుని కంట్రోల్‌కి పోయేవాళ్లం. డీలరు మన కార్డు చూసేవాడు, మన మొహం చూసేవాడు, "చక్కెర అయిపోయింది" అనేవాడు. ఆ మహానుభావుడిలో అంత గొప్ప కార్డుల ఆటగాడు దాగున్నాడని మొన్న ఎండాకాలం సెలవుల దాకా నాకు తట్టనేలేదు.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అన్న కొడుకు నెల్లూరు వచ్చాడు. మూలాపేటలో మా ఇంట్లో చేపల పులుసు మూడుసార్లు కలుపుకుని తిని, ఆరో తరగతి చదివే మా పాపని పిలిచి, మ్యాజిక్ ది గ్యాదరింగ్ నేర్పిస్తానన్నాడు. 1993లో వచ్చిన ఆట. చెరో 60 ముక్కల కట్ట, చెరో 20 ప్రాణాలు, మొదట చేతికి 7 ముక్కలు. 13 ముక్కలకే కాపురాలు కూలడం చూసినవాణ్ని, 60 అనేసరికి నాకు గౌరవం పుట్టింది.

"బిగినర్స్‌కి కంట్రోల్ స్ట్రాటజీ చెప్తా బాబాయ్" అన్నాడు.

కంట్రోల్ అంటే తనేమీ చెయ్యడు, ఎదుటివాళ్లని చెయ్యనివ్వడు. ఈ విద్యకి మనకి బెంగుళూరు నుంచి ట్యూషనా? వచ్చిన ప్రతి సంబంధానికీ "అబ్బే, కుదరదబ్బయ్యా" అనే పెదనాన్న లేని ఇల్లు కావలి నుంచి గూడూరు దాకా ఒక్కటి చూపించండి. ఆయన తన వంతుగా ఒక్క సంబంధం తెచ్చిన పాపాన పోడు. వక్క నములుతూ కూర్చుంటాడు.

మా వాడూ అట్టాగే కూర్చున్నాడు. పాప నాలుగు చిన్న జీవాల్ని దించి మురిసిపోయింది. వాడు నాలుగు ల్యాండ్లు, అంటే మిగతా ముక్కలు దించడానికి ఖర్చుపెట్టే ముక్కలు, పక్కకి తిప్పి రాత్ ఆఫ్ గాడ్ అనే ముక్క వేశాడు. బల్ల మీద ఒక్క జీవం మిగల్లేదు. "ఒక ముక్కతో నాలుగు ముక్కలు లేపేశా. దీన్నే కార్డ్ అడ్వాంటేజ్ అంటారు" అని పాఠం. సరే. పాప మళ్లీ మొదలుపెట్టింది. టర్నుకి ఒక్క ల్యాండే దించాలి కదా, ఒక్కోటీ పేర్చుకుంటూ ఆరు కూడబెట్టి, రెండు చేతులతో పట్టుకుని శివాన్ డ్రాగన్ దించింది. వాడు రెండంటే రెండు నీలం ల్యాండ్లు తిప్పి "కౌంటర్" అన్నాడు. అంటే డ్రాగన్ బల్ల మీదకి రాకముందే రద్దు.

పొద్దున్నుంచి క్యూలో నిలబడి కౌంటర్ దగ్గరికి చేరేసరికి స్టాకు లేదన్న డీలరు కళ్లముందు కనబడ్డాడు నాకు. అదే గొంతు!

చివరికి సెర్రా ఏంజెల్ అని ఒక్కదాన్ని దించి, 4 చొప్పున ఐదుసార్లు కొట్టి చంపాడు. రమ్మీలో అయితే 20 పాయింట్లు పారేసి డ్రాప్ అయిపోవచ్చు. ఇందులోనూ ఓటమి ఒప్పుకుని మధ్యలో లేచిపోవచ్చట. ఆ ముక్క మాత్రం ట్యూషన్ మాస్టారు చెప్పలేదు.

రెండో ఆటకి నీలం కట్ట పాపకిచ్చాడు. వాడు వేసిన మొదటి బుల్లి జీవానికే అది కౌంటర్ వాడేసింది. తర్వాత డ్రాగన్ వచ్చింది, పాప చేతిలో మందు లేదు. "చూశావా, తొందరపడ్డావు. ఏది ఆపాలో తెలియాలి" అని వీడు నవ్వుతున్నాడు.

ఎట్టా తెలుస్తుందిరా? నీ 60 ముక్కల్లో ఏముందో నీకు తెలుసు, దానికి తెలుసా? రాబోయే ప్రమాదం ఏదో తెలిసినవాడు ఆడే ఆట ఇది. ఇవాళే ముక్కలు పట్టిన పిల్ల చేతిలో పెట్టి, ఓడిపోతే తప్పు దానిదంటావా? ఈత రాని పిల్లని పెన్నలోకి తోసి, గట్టున కూర్చుని మార్కులేసే బాపతు. ముందు దానికి కొట్టడం నేర్పించు! దాని డ్రాగన్ని ఒక్కసారి ఎగరనీ, నీ 20 ప్రాణాలూ కాల్చనీ. కాల్చిన పిల్లకే కదా ఏది ఆపాలో తెలిసేది!

ఇదంతా పైకే అన్నాను. ఇంట్లోవాళ్లు నాకు మజ్జిగ ఇచ్చారు.

మూడో ఆటా నీలం కట్టతోనే ఆడతానంది పాప. టర్ను టర్నుకీ ల్యాండ్ దించడం, చెయ్యి చూసుకోవడం, వాడి మొహం చూడటం, "కానీ అన్నా" అనడం. వక్క ఒక్కటే తక్కువ. మా వాడి దగ్గర ఆరు ల్యాండ్లున్నాయి, చేతిలో డ్రాగన్ ఉంది. నేను వెనకే కూర్చున్నా కాబట్టి కనబడుతోంది. నాలుగు టర్నులు గడిచినా దించడే! పాప ముందు తిప్పకుండా ఉన్న నీలం ల్యాండ్ల వైపే చూస్తూ చెమటలు తుడుచుకుంటున్నాడు.

మంచినీళ్లకి లేచినట్టు లేచి పాప చేతిలోకి తొంగిచూశాను. అన్నీ ల్యాండ్లే.

"దించన్నా, ఏం కాదులే" అంది. వాడు దించలేదు.