ఏకసభ్య సహకార సంఘం

ఈ రోజుల్లో ఏకాభిప్రాయం ఎక్కడ దొరుకుతుందని బెంగపడేవాళ్లకు ఒక చిరునామా చెప్తాను. ఒకే ఒక్క మనిషి సహకార బోర్డ్ గేమ్ పరుచుకుని బల్ల ముందు కూర్చుని, నలుగురు వీరుల తరఫున పాచికలు దొర్లించే చోటు అది.

మాంత్రికుడు, ఖడ్గవీరుడు, విలుకత్తె, దొంగ. నలుగురూ కలిసికట్టుగా డ్రాగన్ బారినుంచి రాజ్యాన్ని కాపాడాలి. గెలిస్తే అందరూ గెలిచినట్టు, ఓడితే అందరూ ఓడినట్టు. పెట్టె మీద ఆటగాళ్లు 1 నుంచి 4 వరకు అని ఉంటుంది. ఆ ఒకటి ఏదో మర్యాదకి వేశారని కొందరి అపోహ. నిజానికి మొహమాటానికి వేసినవి మిగతా మూడు అంకెలే.

నలుగురు కూర్చున్న బల్ల దగ్గర జరిగేదేమిటి? ఒకాయన రూల్ బుక్ కంఠతా పట్టి వస్తాడు. “నువ్వు ఆ నాలుగు అట్టేపెట్టు, నువ్వు మళ్లీ వెయ్యి, నీ నీలం పాచిక ఆవిడకిచ్చెయ్యి” అంటూ అందరి ఆటా ఆయనే ఆడేస్తాడు. మిగతా ముగ్గురూ చేతులు మాత్రం అరువిస్తారు. బోర్డ్ గేముల వాళ్లు ఈయన్ని ఆల్ఫా ప్లేయర్ అంటారు. సహకార ఆటలకు ఊపు తెచ్చిన పాండెమిక్ అనే బోర్డ్ గేమ్ 2008లో వచ్చింది గానీ, ఈయన అంతకు చాలా ముందునుంచీ ఉన్నాడని నా నమ్మకం. సోలో ఆట ఈ సమస్యను మూలంలోనే పరిష్కరించింది: ఆయన్ని ఉంచి, మిగతా ముగ్గుర్నీ ఇంటికి పంపేసింది.

అలాగని చర్చలు లేవనుకునేరు. విలుకత్తెకు ఆరు పడాలి. మొదటి విసురు, ఆపైన రెండుసార్లు మళ్లీ వేసుకునే వీలు. మూడు విసుర్లు, ఆరు ముఖాలు, కాబట్టి సగానికి సగం అవకాశమని ఖడ్గవీరుడి లెక్క. కత్తి తిప్పేవాళ్లకు లెక్కలు అంతంతమాత్రమే. మూడింట్లో ఒక్క ఆరూ పడని దారులు 216లో 125. పడేవి 91, అంటే నూటికి 42. నాలుగో విసురు ఇస్తేగానీ సగం దాటదు, అదీ బొటాబొటిగా 52. ఇలాంటి పాచికల పేచీల మీదే 1654లో ఫ్రెంచి గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకుని సంభావ్యత గణితానికి పునాది వేశారు. మాంత్రికుడు ఇదంతా విడమరిచి చెప్తాడు. విలుకత్తె శ్రద్ధగా విని, తలూపి, విసురుతుంది. రెండు పడుతుంది.

న్యాయవ్యవస్థ కూడా ఆదర్శప్రాయం. పాచిక దొర్లి రూల్ బుక్ అంచుకు ఒరిగి ఆగితే ఎలా? పైన కనిపించేది ఆరైతే చెల్లుతుంది, ఒకటైతే మళ్లీ వేయాలి. వాది, ప్రతివాది, న్యాయమూర్తి ఒకే కుర్చీలో ఉన్నప్పుడు వాయిదాలుండవు. ధర్మరాజుకి ఇలాంటి సభ దొరికుంటే అరణ్యవాసమే తప్పేది. ఎదురుగా శకుని కూర్చోవడమే కదా అసలు ఇబ్బంది!

ఇక త్యాగం. ఖడ్గవీరుడు తన ఆఖరి పాచికను మాంత్రికుడికి ధారపోస్తాడు. అది కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారుతుంది. దాత పేరు చెప్పుకోడు, పుచ్చుకున్నవాడు రుణపడి ఉండడు. ఇంత శుద్ధమైన దానం నేనింకెక్కడా చూడలేదు.

చిక్కల్లా ఓడినప్పుడే. పిల్లలు జడుసుకోకుండా పెట్టె మీద నవ్వుతూ కనిపించే ఆ డ్రాగనే అరగంటలో రాజ్యాన్ని బూడిద చేస్తుంది. వెంటనే ఏకసభ్య విచారణ సంఘం కూర్చుంటుంది. విలుకత్తె మీద చర్య కుదరదు, ఆమె బొమ్మ చాలా బాగుంది. మాంత్రికుడు ముందే హెచ్చరించాడు. ఖడ్గవీరుడు త్యాగి. మిగిలింది దొంగ. అతని వంతు రాకముందే ఆట ముగిసిందన్న మాట వాస్తవమే గానీ, సరిగ్గా ఆ సమయానికి అతను పక్కనుండటం మరీ అనుమానాస్పదమని సంఘం భావించింది. వచ్చే ఆటలో అతని స్థానంలో వైద్యుణ్ణి తీసుకోవాలన్న తీర్మానాన్ని ఓటుకు పెట్టారు. నాలుగు ఓట్లూ అనుకూలంగా పడ్డాయి. దొంగే అందరికంటే ముందు చెయ్యెత్తాడు.