‘గో బ్యాక్’ బటన్ గారికి ఒక వాడుకరి విన్నపం

మహారాజశ్రీ ‘గో బ్యాక్’ బటన్ గారి సముఖమునకు ఒక వాడుకరి నమస్కరించి వ్రాయు లేఖ.

ఉభయకుశలోపరి. విండోస్ 10 నుంచి విండోస్ 11కు మారిన కంప్యూటరులో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్ అనే వాకిలి దాటి, రికవరీ అనే లోపలి గదిలోకి వెళ్తే గానీ, పాత విండోస్‌కు తిరిగి చేర్చే తమ దర్శనం కాదు. అంత లోపల కొలువు తీరినా తమ ఆయుష్షు పది రోజులే. ఆ తర్వాత వచ్చినవారికి తమరు వెలిసిన రంగుతో, నొక్కినా పలకని స్థితిలో కనిపిస్తారు కాబట్టి, ఎన్ని పనులున్నా ఈ లేఖను వెంటనే రాయక తప్పలేదు.

తమరు పుట్టుకతోనే అల్పాయుష్కులు కారన్న సంగతి ఈ తరం వాడుకరులకు తెలియకపోవచ్చు. 2015 జూలై 29న విండోస్ 10 విడుదలైనప్పుడు, పాతదానికి తిరిగి వెళ్లడానికి 30 రోజుల గడువు ఉండేది. మరుసటి ఏడాది వచ్చిన యానివర్సరీ అప్‌డేట్ దాన్ని పది రోజులకు కుదించింది. వెనక్కి వెళ్లదలచినవారిలో ఎక్కువమంది మొదటి కొద్ది రోజుల్లోనే వెళ్లిపోతున్నారని, ఆపైన పాత సిస్టమ్‌ను డిస్కులో దాచి ఉంచడం జాగా దండగని అందుకు చెప్పిన కారణం. జాగా మాట అబద్ధమేమీ కాదు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు తమ ప్రాణమంతా సీ డ్రైవ్‌లోని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులో ఉంటుంది, ఆ ఫోల్డరు గిగాబైట్ల కొద్దీ స్థలాన్ని ఆక్రమించుకుని కూర్చుంటుంది. డిస్క్ ఖాళీ చేద్దామనుకున్న శుభ్రతాభిమాని ఎవరైనా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ పేరున్న గడిలో ఒక్క టిక్కు పెడితే, పదో రోజు దాకా ఆగవలసిన పని కూడా ఉండదు.

ఇంతకీ నా ఫిర్యాదు గడువు చిన్నదని కాదు, అది పడిన చోటు గురించి. మారిన మొదటి పది రోజుల్లో మనిషికి కనిపించేవన్నీ పైపై తేడాలే. స్టార్ట్ బటన్ ఎడమ మూల వదిలి మధ్యకు జరిగింది. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే కట్, కాపీ అనే అక్షరాలకు బదులు మెనూ పైవరుసలో చిన్న చిన్న బొమ్మలు వచ్చాయి, అలవాటైన మిగతా ఆదేశాలు ‘షో మోర్ ఆప్షన్స్’ అనే తెర వెనక్కి వెళ్లిపోయాయి. విడుదలైన నాటి విండోస్ 11లో టాస్క్‌బార్‌ను తెర పక్కకో పైకో జరుపుకునే వీలును తీసివేశారు. వీటిలో దేనికైనా చెయ్యి అలవాటు పడుతుంది, పడకపోతే విండోస్ లోపలి అమరికల చిట్టా అయిన రిజిస్ట్రీలో వేలు పెట్టేవారు ఎలాగూ ఉన్నారు. అసలైన లోపాలు మాత్రం ఆలస్యంగా బయటపడతాయి. ఏడాదికోసారి లెక్కలు ముగించేటప్పుడు మాత్రమే తెరిచే పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ఎప్పుడో అవసరమైతే తప్ప బయటకు తీయని స్కానరు, పరికరాన్ని విండోస్‌తో పలికించే డ్రైవర్లను తయారీదారు రాయడం ఏనాడో మానేసిన సౌండ్ కార్డు, ఇవేవీ తమ పది రోజుల్లో పరీక్షకు రావు. కోపంతో వెనక్కి పరిగెత్తేవారికి దారి తెరిచి ఉంచి, కారణంతో వెనక్కి వెళ్లవలసినవారు వచ్చే వేళకు తలుపు మూసే ఏర్పాటును ఎవరు ఆలోచించారో గానీ, వారి ముందుచూపుకు జోహార్లు.

పోనీ, ఆ పది రోజుల లోపే మనసు గట్టి చేసుకుని తమ మీద నొక్కామనుకోండి. తమరు వెంటనే పనిలోకి దిగరు. ముందుగా, ఎందుకు వెళ్తున్నారని నీలి తెర మీద విచారణ మొదలుపెడతారు. నా యాప్‌లు, పరికరాలు పనిచేయడం లేదు, పాతది వాడటానికి సులువుగా ఉన్నట్టుంది, పాతది వేగంగా ఉన్నట్టుంది, పాతది నమ్మకంగా ఉన్నట్టుంది, వేరే కారణం. ఇందులో మొదటిది తప్ప మిగతా ఫిర్యాదులన్నింటికీ ‘ఉన్నట్టుంది’ అనే తోక తగిలించడంలోని రాజనీతిని మెచ్చుకోకుండా ఉండలేను. పాతది వేగంగా ఉందని వాడుకరి ఖరాఖండిగా చెప్పే వీలే లేదు, అతనికి అలా అనిపించిందంతే. జవాబిచ్చి ముందుకు కదిలితే, పోయే ముందు ఒకసారి అప్‌డేట్ల కోసం వెతికి చూడరాదా, సమస్య తీరిపోవచ్చు కదా అని బుజ్జగిస్తారు. వద్దంటే, మారిన తర్వాత చేసుకున్న సెట్టింగులు పోతాయని, కొన్ని ప్రోగ్రాములు మళ్లీ ఎక్కించుకోవలసి రావచ్చని హెచ్చరిస్తారు. ఆ పైన పాత పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోమంటారు. ఈ ఒక్క మాటలో మాత్రం నిజమైన హితవు ఉంది, కొత్తదానిలో పిన్ నంబరుకు అలవాటు పడి అసలు పాస్‌వర్డ్ మరచిపోయినవారు తిరిగి వెళ్లి తమ ఇంటి గుమ్మంలోనే నిలబడిపోతారు. చివరగా, కొత్తదాన్ని ప్రయత్నించి చూసినందుకు ధన్యవాదాలు చెప్పి, అప్పుడు వదులుతారు.

గడువు దాటినవారి గతి వేరు. కొత్తదాని మీద పాతదాన్ని ఎక్కించి, ప్రోగ్రాములన్నీ ఉన్నవి ఉన్నట్టు నిలుపుకునే పద్ధతి లేదు. ఫైళ్లన్నీ మరో డిస్కుకు కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ సిద్ధం చేసుకుని, డిస్కు తుడిచి, ఒక్కొక్క ప్రోగ్రామునూ లైసెన్సు వెతుక్కుంటూ మొదటి నుంచి పెట్టుకోవాలి. కంప్యూటరు కొన్ననాడే విండోస్ 11 ఉన్నవారికీ ఇదే దారి, ఎందుకంటే తిరిగి వెళ్లడానికి వారి డిస్కులో పాతది ఎన్నడూ లేదు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదన్న కారణంతో గుమ్మంలోనే నిలిపివేయబడిన కంప్యూటర్ల యజమానులు మాత్రం ఈ ధర్మసంకటానికి దూరంగా హాయిగా ఉన్నారు. ఇంత కష్టం దేనికి, లినక్స్ పెట్టుకోరాదా అని అడిగే మిత్రులకు వేరే లేఖ రాస్తాను.

వెనక్కి వెళ్తానన్నవాడిని ఛాందసుడిగా చూసే అలవాటు ఒకటి లోకంలో ఉంది. చరిత్ర చూస్తే ఆ చూపు న్యాయం కాదనిపిస్తుంది. 2007లో విండోస్ విస్టా మార్కెట్లోకి వచ్చినప్పుడు, దాని బిజినెస్, అల్టిమేట్ రకాలు ముందే ఎక్కించిన కంప్యూటర్లు కొన్నవారు అంతకు ముందరి ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కు దిగి వాడుకునే హక్కు లైసెన్సులోనే ఉండేది. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌ను తీసేస్తే, జనం పెట్టిన గగ్గోలుకు మరుసటి ఏడాది 8.1లో దాన్ని తెచ్చి మళ్లీ మూలన కూర్చోబెట్టారు. అంటే తయారీదారులే అవసరమైనప్పుడు ఒక అడుగు వెనక్కి వేశారు, దానికి మాత్రం కొత్త వెర్షన్ అని పేరు పెట్టుకున్నారు. అదే పని వాడుకరి చేస్తే, కారణమేమిటో చెప్పమని నీలి తెర మీద నిలదీస్తారు.

ఇక్కడ నా పక్షాన్ని కూడా కాస్త నిలదీయవలసి ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వాడుకరులకు ప్రకటించిన పొడిగింపు 2026 అక్టోబరు 13 వరకు, అదీ పేరు నమోదు చేసుకున్నవారికి భద్రతా సవరణల మేరకే. పాతది బంగారమని వాదించేవారు 2017ను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది మార్చిలో విండోస్ ఫైలు పంపకాల వ్యవస్థలో ఉన్న ఒక లోపానికి సవరణ విడుదలైంది. మే నెలలో వనాక్రై అనే దాడి అదే లోపంలోంచి దూరి, సవరణ వేసుకోని కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మూడేళ్ల కిందటే, 2014 ఏప్రిల్ 8న, మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి కూడా అప్పటికప్పుడు ప్రత్యేకంగా సవరణ ఇవ్వవలసి వచ్చింది. సవరణ ఉండీ వేసుకోనివాడి పరిస్థితే అలా ఉంటే, ఇక సవరణలే రాని సిస్టమ్‌లోకి కోరి వెళ్లేవాడు ఇంటర్నెట్ తీగ పీకి పక్కన పెట్టుకోవడానికి సిద్ధపడాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తమరు గొయ్యి వైపు బాణం గుర్తు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

అందుచేత నేను ఒక నిర్ణయానికి వచ్చాను. స్టార్ట్ బటన్ మధ్యలో ఉందనో, మెనూలో బొమ్మలు వచ్చాయనో తమను నొక్కను. పనికి తప్పనిసరైన పరికరమో సాఫ్ట్‌వేరో కొత్తదానిలో కదలకపోతే, దానికి సరిపడే డ్రైవరు గానీ కొత్త వెర్షన్ గానీ దొరకకపోతే, అప్పుడు నొక్కుతాను. నొక్కాక ఆ పొడిగింపుకు నమోదు చేసుకుని, గడువు తీరే లోపు ఆ పరికరానికి మరో ఏర్పాటు చూసుకుంటాను. అయితే ఆ పరికరాలన్నింటినీ పరీక్షించడానికి పది రోజులు చాలవు. తమ ఆయుష్షును 60 రోజుల దాకా పెంచే ఆదేశం ఒకటి డిఐఎస్‌ఎం అనే పనిముట్టులో ఉంది. సెట్టింగ్స్‌లో దాని ఊసే ఎత్తకుండా, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసేవారికి మాత్రమే అది దక్కేలా ఏర్పాటు చేశారు. పైగా తమ గడువు ముగియక ముందే టైపు చేయాలి.

ఈ లేఖ ముగించగానే ఆ పని చేయబోతున్నాను. తర్వాత స్కానరు, ప్రింటరు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వరుసగా బయటకు తీస్తాను. ఈ లోగా డిస్కు నిండుతోందని, దాన్ని ఖాళీ చేసే స్టోరేజ్ సెన్స్ గారు ఎంత నసిగినా, విండోస్.ఓల్డ్ జోలికి ఎవరినీ రానివ్వవద్దని మనవి.

ఇట్లు,
తమ గడువు పొడిగింపు కోరే వాడుకరి