మంగళవారం పని చేసేదెప్పుడు?

మంగళవారం బెజవాడ ఆఫీసుల్లో పని జరగదని గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. లెక్క తెలియని మాటలవి.

పగటిని ఎనిమిది భాగాలు చేసి, ఏ వేళకు ఏ పని ముట్టకూడదో మన పంచాంగం ఎప్పుడో తేల్చేసింది. ఇప్పుడు దాన్నే టైమ్ బ్లాకింగ్ అని ఫీజు పుచ్చుకుని నేర్పుతున్నారు. మా ఆఫీసు పదింటికి. మంగళవారం యమగండం 9 నుంచి 10.30 దాకా. ఆ వేళలో ఫైలు విప్పి ఎవడు కొరివితో తల గోక్కుంటాడు? కాబట్టి అప్పుడు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఉద్యోగి ఆలస్యంగా రావడం లేదు, శాస్త్రోక్తంగా వస్తున్నాడు.

12 నుంచి 1.30 గుళిక కాలం. అందులో చేసిన పని మళ్ళీ మళ్ళీ చేయాల్సి వస్తుందని పెద్దల మాట. ఫైలు చూస్తే అదే ఫైలు కొర్రీతో తిరిగొస్తుంది. భోంచేస్తే భోజనమే మళ్ళీ ప్రాప్తిస్తుంది. అందుకే మా వాళ్ళంతా క్యారేజీలు విప్పుతారు. ఆ తర్వాత కాస్త కునుకు, అది ఆరోగ్యం కోసం. 3 నుంచి 4.30 రాహుకాలం. కొండ మీద అమ్మవారికి నిమ్మకాయ దీపాలు పెట్టే వేళ, కొండ కింద కూర్చుని బిల్లులు పాస్ చేయడం అపచారం.

ఇక మిగిలింది 10.30 నుంచి 12. ఇటలీ వాడైన ఫ్రాంచెస్కో చిరిల్లో 1980ల చివర్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్ పెట్టుకుని, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి కనిపెట్టాడు. (గుంటూరులో పుట్టి ఉంటే అది మిరపకాయ అయ్యేది.) మేమూ పెట్టి చూశాం. 5 నిమిషాల్లో టీ గ్లాసు చేతికి వస్తుంది గానీ చల్లారదు. రాజకీయం మాట్లాడకుండా టీ తాగి రావడం ఇటలీలో కుదురుతుందేమో.

ఉన్న టైమంతా నిండేదాకా పని సాగుతూనే ఉంటుందని 1955లో పార్కిన్‌సన్ అనే ఇంగ్లీషాయన రాశాడు. ఆ జబ్బుకు మా దగ్గర మందుంది: అసలు టైమే ఉంచకపోవడం. రాహుకాలం పోయిన 4.30కి మంచి ఘడియ మొదలవుతుంది. ఆ ఘడియలో మా వాళ్ళు గుంటూరు రైలుకు బయల్దేరతారు.

అర్జీ పట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన "అయితే రేపొస్తాను బాబూ" అన్నాడు. పాపం, తెలియదు. బుధవారం 10.30కి గుళిక, 12కి రాహుకాలం. గురువారం రమ్మని చెప్పాను, 10.30 దాటాక.