ఫ్యూజు పెత్తనం ఇంకెన్నాళ్ళు?

లారీ మనది. బ్యాటరీలు మనవి. ఫాగ్ లైట్లు మనం డబ్బు పోసి కొన్నవి. నడుమ గోరంత ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి కూర్చుని "10 ఆంపియర్లు దాటితే పోనివ్వను" అంటుంది. దీనికీ అధికారం ఎవరిచ్చారు? సర్పంచినైనా అయిదేళ్ళకోసారి దింపొచ్చు. ఫ్యూజును దింపడానికి మాత్రం రాగి తీగే దిక్కవుతోంది. ఆటోనగర్ల నుంచి హైవే డాబాల దాకా చప్పుడు లేకుండా సాగుతున్న ఈ ఫ్యూజు వ్యతిరేక ఉద్యమానికి మా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాం.

న్యాయానికి ఎదుటివాళ్ళ వాదన కూడా వినాలి. లారీ కరెంటు 24 వోల్టులు. 70 వాట్ల ఫాగ్ బల్బులు రెండు వేస్తే 140 వాట్లు, 24తో భాగిస్తే ఆరు ఆంపియర్లకు కాస్త తక్కువ. దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు చాలంటారు. ఆ ఫ్యూజు లైటు దగ్గర పెడితే ఒప్పుకోరు, బ్యాటరీకి జానెడు లోపే ఉండాలట. ఎందుకయ్యా అంటే, ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, వైరునట. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యనున్న ముక్క ఎక్కడైనా ఛాసిస్‌కు రాసుకుని తోలు ఊడితే ఆపేవాడుండడు. సెల్ఫ్ తిప్పే వందల ఆంపియర్లు ఆ తీగలోంచే పరిగెడతాయి. అందుకని ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మేలట. చదువుకున్నవాళ్ళ మాటలు ఇలాగే ఉంటాయి.

మన పద్ధతిలో ఇంత చాదస్తం లేదు. ఎర్రది ఎగిరిపోయిందా, నీలం పెట్టు, 15. అదీ పోయిందా, పసుపు, 20. ఆ తర్వాత ఆకుపచ్చ, 30. ఇన్ని రంగులు మారుతున్నా అసలెందుకు పోతోందో చూద్దామన్న దురద ఎవరికీ పుట్టదు. రేడియేటరు పక్కన బిగింపు లేని వైరొకటి బ్రాకెట్టు అంచుకు రోజూ కాస్త కాస్త అరుగుతూ ఉంటుంది, అంతే. ఆకుపచ్చదీ పోయాక పాత వైరులోంచి నాలుగు పోగులు పీకి, మెలేసి, ఫ్యూజు గూట్లో దోపుతారు. "ఏం కాదన్నా, ఇక పోదు." నిజమే, ఇక పోదు. ఫ్యూజు చేయాల్సిన పని వైరే చేసుకుంటుంది, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

రిలే అని మధ్యవర్తి ఇంకొకడున్నాడు, సన్న కరెంటు సైగ చేస్తే లావు కరెంటును వదిలేవాడు. నాలుగు కాళ్ళు, ఒక్కో కాలికి ఒక నంబరు. ఫ్యూజు నుంచి లావు వైరు 30కి, లైట్లకు పోయే లావు వైరు 87కి, డ్యాష్‌బోర్డు స్విచ్చి నుంచి సన్న వైరు 86కి, 85 నుంచి ఎర్త్‌కి. స్విచ్చి మోసేది పావు ఆంపియరు కూడా ఉండదు, బరువంతా రిలేదే. 24 వోల్టులదే కొనాలి, 12ది పెడితే కాయిల్ మాడుతుంది. కాళ్ళు కిందికి ఉండేలా బిగించాలి, లేకుంటే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి. ఇన్ని నియమాలు శబరిమల వెళ్ళేవాళ్ళకు సరే, లారీకి ఎందుకు? లోడంతా స్విచ్చికే ఇచ్చేస్తే సంక్రాంతి చలిలో డ్రైవరు వేళ్ళకు వెచ్చగానైనా ఉంటుంది. కొన్నాళ్ళకు లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. స్విచ్చి ఆపినా లైట్లు ఆరవు. విశ్వాసం అంటే అదీ!

వైరు సంగతీ అంతే. 2.5 బదులు అర చదరపు మిల్లీమీటరుది లాగితే డబ్బు మిగులుతుంది. పోనూ రానూ పది మీటర్ల దారిలో రెండు వోల్టులు వైరే తినేస్తుంది, వెలుగులో పావు వంతు దాకా పోతుంది. యజమాని "బల్బులు నాసిరకం" అని 100 వాట్లవి తెస్తాడు. కరెంటు పెరుగుతుంది, వైరు ఇంకాస్త తింటుంది. ఎర్త్ వైరును పెయింటు మీదే బిగించినప్పుడైతే ఫాగ్ లైటు వేయగానే ఇండికేటరు కూడా మినుకుమంటుంది. పెయింటు గీకి, లగ్గు వేసి, పళ్ళ వాషరు పెట్టి బిగించి, పైన కాస్త వాసెలిన్ పూస్తే ఈ దీపావళి మనకు దక్కదు.

మన మేధస్సు పూర్తిగా వికసించేది పాటల దగ్గర. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి 24 చేస్తారు. స్టీరియోకి కావలసింది 12. దానికో కన్వర్టరు దొరుకుతుంది గానీ డబ్బు దండగ. రెండు బ్యాటరీలనూ కలిపే లింకు దగ్గర నుంచి ఒక వైరు లాగితే 12 ఊరికే వస్తుంది. అప్పటి నుంచి ఆ రెండూ ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు. డైనమో ఇద్దరికీ కలిపి 28 వోల్టులు వడ్డిస్తుంది, చెరో 14. ఎర్త్ వైపున్న తమ్ముడు రాత్రింబగళ్ళు పాటలు పోషించి పోషించి 13 దగ్గరే ఆగిపోతాడు. డైనమో చూసేది మొత్తం 28 అయ్యిందా లేదా అన్నదొక్కటే. మిగతా 15 అన్న విస్తట్లో పడుతుంది. అన్న అజీర్తితో ఉడికి ఉడికి నీళ్ళు ఆవిరి చేసుకుంటాడు. తమ్ముడు పస్తులతో పలకల నిండా సల్ఫేటు పట్టి బిగుసుకుపోతాడు. ఒకరోజు తెల్లారగట్ల సెల్ఫ్ "టిక్" అని ఊరుకుంటుంది. పాడైన తమ్ముణ్ణి మాత్రమే మార్చి, ముసలి అన్న పక్కన కొత్తవాణ్ణి కూర్చోబెట్టి, తర్వాత బ్యాటరీ కంపెనీని తిట్టడం ఆనవాయితీ.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బళ్ళు మాత్రం ఈ సంప్రదాయాన్ని బొత్తిగా గౌరవించవు. ఏదో సన్న వైరు కనిపించింది కదా అని గిల్లి కలిపితే అది సెన్సారుది అవుతుంది, ఇంజిన్ లైటు వెలుగుతుంది, బండి ఘాట్ రోడ్డు ఎక్కనంటుంది. 1989 మోటారు వాహనాల నియమాల్లో స్వరాలు మార్చి మార్చి మోగే హారన్లు కూడదని రాశారు. దాన్ని బిగించడానికి ఎన్ని రిలేలు కావాలో మాత్రం రాయలేదు, కాబట్టి ఒక్కటీ పెట్టం.

చివరిగా కటాఫ్ స్విచ్చి. బ్యాటరీ పెట్టె పక్కనుండే ఈ పిడి తిప్పితే బండి మొత్తానికీ కరెంటు ఆగాలి. అలా ఆగితే పాట మధ్యలో తెగుతుందని, పాటల వైర్లు ప్లస్సూ మైనస్సూ రెండూ దాన్ని తప్పించి నేరుగా బ్యాటరీకే బిగిస్తారు, ఫ్యూజు లేకుండా. అతుకుల మీద నల్ల టేపు, ఇంజిన్ వేడికి జిగురు కారి అప్పడంలా చుట్టుకుని ఉంటుంది. అర్ధరాత్రి చిలకలూరిపేట దాటాక క్యాబిన్లో కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. డ్రైవరు ఇంజిన్ ఆపి, దిగి, కటాఫ్ తిప్పుతాడు. మీటర్లు ఆరిపోతాయి. పాట ఆగదు. టెర్మినల్ విప్పాలంటే స్పానరు కావాలి. స్పానరు సీటు కింద పెట్టెలో ఉంటుంది. పొగ వస్తున్నదీ అక్కడి నుంచే.