బాతుల కేసులో ముద్దాయి ఎవరు?

వీడియో గేములు పిల్లల చేతికి తుపాకి ఇచ్చి చెడగొట్టాయని టీవీ చర్చల్లో తరచూ వింటుంటాం. ఆ లెక్కన ముందుగా బోనెక్కాల్సింది 1984లో జపాన్ కంపెనీ నింటెండో వదిలిన డక్ హంట్, అంటే టీవీ తెర మీద ఎగిరే బాతుల్ని బొమ్మ తుపాకితో కొట్టే ఆట. అదే ఏడాది వీఎస్ డక్ హంట్ పేరుతో ఆర్కేడ్లలోకీ, అంటే నాణెం వేసి ఆడే ఆటల దుకాణాల్లోకీ దిగింది. తొంభైల్లో నకిలీ వీడియో గేమ్ పెట్టెల పుణ్యమా అని మన ఊళ్ళలోనూ బాతుల ఆట ఆడారు కాబట్టి ఈ కేసులో మనమూ ముద్దాయిలమే. బాధ్యత గల పౌరుడిగా రికార్డులు తిరగేసి, అందరి తరఫునా మనవి చేసుకుంటున్నాను.

అసలు ఆ తుపాకి పేలదు. గొట్టంలోంచి ఏమీ బయటికి రాదు. లోపలున్నది వెలుతురును పసిగట్టే చిన్న సెన్సర్, అంతే. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడుతుంది, ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది. ఆ తెలుపు తుపాకి కంటపడితే బాతు పోయినట్టు. రెండు బాతులుంటే గళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఏది వెలిగినప్పుడు తుపాకి చూసిందో ఆ బాతుకు నూకలు చెల్లాయి. మరి కాల్చిందెవరండీ? వెలుగు బయల్దేరింది బాతు వైపు నుంచి, వచ్చి తగిలింది తుపాకికి. చట్టం దృష్టిలో ఇవి బాతు జరిపిన కాల్పులు. తుపాకి కేవలం ప్రత్యక్ష సాక్షి. సాక్షినే తీసుకెళ్ళి లోపలేయడం మనకు అలవాటే అనుకోండి, అది వేరే వ్యాసం.

తెర ముందు నల్లబడటం దేనికంటే, ట్యూబ్‌లైటుకు గురిపెట్టి బాతును కొట్టేశాననే ఘనుల్ని పట్టుకోవడానికి. తెర నల్లగా ఉన్నప్పుడు కూడా తుపాకికి వెలుగు కనిపించిందంటే ఆ సాక్ష్యం చెల్లదు. ఇంత నిక్కచ్చి విచారణ సెకనులో చిన్న ముక్కలో ముగుస్తుంది. వాయిదాలు ఉండవు.

పూర్వపు రికార్డులు ఇంత శుభ్రంగా లేవు, ఒప్పుకుంటాను. 1936లో అమెరికాలో సీబర్గ్ కంపెనీ తెచ్చిన రే-ఓ-లైట్ అనే తుపాకి ఆట యంత్రంలో కాంతి తుపాకిలోంచే వచ్చేది, దాన్ని పసిగట్టే పని బాతు బొమ్మది. అక్కడ వేటగాడు దోషే. ఇక 1973లో నింటెండో జపాన్‌లో మూతపడ్డ బౌలింగ్ హాళ్ళలో లేజర్ క్లే షూటింగ్ అనే తుపాకి ఆట పెట్టింది. ప్రారంభం రోజునే యంత్రం మొండికేస్తే, గెన్యో టకెడా అనే ఇంజనీరు తెర వెనక చేరి చేత్తోనే ఆట నడిపించాడంటారు. ఫలితాలు తెర వెనక తయారవడం గురించి తెలుగు పాఠకులకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఆ ఏడాదే చమురు సంక్షోభం వచ్చి ఆర్డర్లు రద్దయ్యాయి కనుక శిక్ష కూడా పడ్డట్టే లెక్క.

డక్ హంట్‌లో అసలు నేరస్థుడు కుక్క. ఆట మొదట్లో నేల వాసన చూస్తూ మహా పనిమంతుడిలా వచ్చి గడ్డిలోకి దూకుతుంది. కాల్పులు అయ్యేదాకా మళ్ళీ పత్తా ఉండదు. బాతు పడిందా, మెడ పట్టుకుని తానే కొట్టినట్టు పైకెత్తి చూపిస్తుంది. పడలేదా, గడ్డిలోంచి లేచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వుతుంది. క్రెడిట్ దానికి, పరువు పోయేది మనకి. ఇలాంటివారిని మా ఆఫీసులో టీమ్ లీడర్ అంటాం.

దాని మీదికి తుపాకి తిప్పని పిల్లాడు ఉండడు. ఇంట్లో ఆడే సెట్టులో ఎంత కాల్చినా దానికేమీ కాదు, ఎందుకంటే అది నిలబడ్డ చోట తెల్ల గడి వెలగదు. సాక్ష్యమే పుట్టదు. పలుకుబడి అంటే అదీ! ఆర్కేడ్‌లో మాత్రం బోనస్ రౌండ్‌లో అది బాతుల మధ్యకి దూకుతుంది, కాల్చొచ్చు. కాలిస్తే బోనస్ రౌండ్ అక్కడితో సరి. నాణెం వేసింది ఆటగాడు, శిక్షా అతనికే.

ఇప్పుడు కేసు తిరగదోడుదామంటే ఇంకో చిక్కు. ఆ తుపాకి పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ముందే పనిచేస్తుంది. ఎల్‌సీడీ తెర బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, తుపాకి చూసే క్షణానికి తెలుపు అందదు. దాంతో బాతులన్నీ క్షేమం, ఆటగాడి మీద నేరం రుజువు కాదు, కుక్క మాత్రం ప్రతిసారీ లేచి నవ్వుతుంది.

అందుచేత గౌరవ న్యాయస్థానం వారు ఆటగాళ్ళందరినీ నిర్దోషులుగా విడుదల చేసి, తుపాకికి సాక్షి బత్తా ఇప్పించి, కుక్కకు తక్షణం సమన్లు పంపవలసిందిగా ప్రార్థన. చిరునామా: గడ్డి చాటు. బాతు కింద పడిన సమయంలో వెళ్తే ఇంట్లోనే ఉంటుంది, ఫోటోకి కూడా నిలబడుతుంది.