పదిహేడున్నరేళ్ల లెక్క ఎక్కడ తప్పింది?

ఒకే మెసేజ్ ఇన్ని గ్రూపుల్లో ఇన్నిసార్లు తిరుగుతుంటే జవాబు చెప్పక తప్పడం లేదు. సారాంశం ఇది: "ఇంటిమీద సోలార్ పెద్ద మోసం. మూడు కిలోవాట్లకు 2,10,000 పెట్టాలి, నెలకు మిగిలేది వెయ్యి. పెట్టింది రావడానికే పదిహేడున్నరేళ్లు. మన ఎండలకు ప్యానెళ్లు పనిచేయవు. కరెంటు పోతే అవీ ఆగిపోతాయి. తయారీకి పట్టిన కరెంటు కూడా తిరిగి ఇవ్వలేవు."

చివరిదాన్ని ముందే తేల్చేద్దాం. మన ఎండలో ప్యానెల్ తన తయారీకి పట్టిన శక్తిని రెండేళ్లలోపే తిరిగి ఇచ్చేస్తుంది. దశాబ్దాల కిందటి మాటను ఇప్పటికీ మోస్తున్నారు, అంతే.

అసలు నష్టం చేసేది ఆ పదిహేడున్నరేళ్ల లెక్క. అది నమ్మి ఆగిపోయేది నెలనెలా రెండున్నర వేలు కడుతున్న ఇళ్లవాళ్లే, అంటే అందరికన్నా ఎక్కువ లాభపడేవాళ్లే. అందుకే దీన్ని విప్పి చూపిస్తాను.

మొదటి తప్పు, సబ్సిడీ ఊసే లేదు. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 వస్తుంది. 2,10,000లోంచి అది తీసేస్తే చేతినుంచి పడేది 1,32,000. అయితే ఆ డబ్బు సిస్టమ్ పెట్టి, మీటర్ మార్చాక మీ ఖాతాలో పడుతుంది. ముందు మొత్తం మీరే కట్టాలి, లేదా బ్యాంకు అప్పు తీసుకోవాలి. ఇంకో మెలిక: ప్యానెల్, అందులోని సెల్ రెండూ మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. వెండర్ తక్కువ ధర చెబితే అవి డీసీఆర్ (అంటే దేశీయ తయారీ) ప్యానెళ్లేనా అని కాగితం మీద రాయించుకోండి. కాకపోతే సబ్సిడీ రాదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. వెయ్యి బిల్లు వచ్చే ఇంటికి మూడు కిలోవాట్లు ఎవరు పెట్టమన్నారు? ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో వచ్చిన గృహ శ్లాబులు తీసుకోండి: మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. నెలకు 220 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ 987 రూపాయలు. మెసేజ్‌లోని ఇల్లు ఇదే. దీనికి రెండు కిలోవాట్లు చాలు. దుమ్ము, మబ్బు అన్నీ తీసేసినా కిలోవాట్‌కు నెలకు 110 యూనిట్లు వస్తాయి. చిన్న సిస్టమ్‌కు కిలోవాట్ ధర కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి 1,50,000 అనుకుందాం. సబ్సిడీ 60,000 పోతే 90,000. ఏడున్నరేళ్లలో తిరిగి వస్తుంది.

ఇప్పుడు నెలకు 400 యూనిట్ల ఇల్లు చూడండి. ఎనర్జీ చార్జీ 2,548. మూడు కిలోవాట్లు 330 యూనిట్లు ఇస్తే, కరెంటు పంపిణీ చేసే డిస్కమ్ లెక్కలో మిగిలేవి 70. వాటి చార్జీ 177. సోలార్ మీ కరెంటు బిల్లును పై శ్లాబు నుంచి కోసుకుంటూ వస్తుంది. ముందు పోయేవి 8.75 రూపాయల యూనిట్లు, ఆ తర్వాతే 6 రూపాయలవి. బిల్లును యూనిట్లతో భాగించి సగటు రేటు వేసుకునేవాళ్లకు ఇది కనబడదు. నెలకు 2,371 మిగిలితే 1,32,000 రావడానికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. పదిహేడున్నర ఎక్కడ, ఇది ఎక్కడ! ఫిక్స్‌డ్ చార్జీ, ఇంధన సర్దుబాటు ఇందులో కలపలేదు. ప్యానెళ్ల పనితీరుకు కంపెనీలు ఇచ్చే వారంటీ పాతికేళ్లు. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ అంతకాలం ఉండదు, మధ్యలో ఒకసారి మార్చాలి. ఒక ఏడాది పొదుపు దానికి పోతుందనుకోండి.

లాభం కదా అని ఐదు కిలోవాట్లు పెట్టేయకండి. నెట్ మీటర్‌లో రెండు రీడింగులు ఉంటాయి, లోపలికి తీసుకున్నవి, బయటికి పంపినవి. వాడకానికి మించి పంపినవాటికి సెటిల్‌మెంట్‌లో ఇచ్చే రేటు పై శ్లాబు రేటుకు చాలా కింద ఉంటుంది. మూడు కిలోవాట్లు దాటితే సబ్సిడీ కూడా పెరగదు.

ఎండ సంగతి సగం నిజం. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు సెల్ 25 డిగ్రీలున్నప్పటివి. మేలో మిట్టమధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం తగ్గుతుంది. తగ్గడం వేరు, పనిచేయకపోవడం వేరు. స్లాబుకు ఆనించకుండా స్టాండు ఎత్తుగా కట్టించి కింద గాలి ఆడనివ్వండి. ఎండకన్నా వాటర్ ట్యాంకు నీడ ఎక్కువ చెరుపు చేస్తుంది. ఒక్క ప్యానెల్ మూల మీద పడినా వరుస మొత్తం ఇచ్చే కరెంటు పడిపోవచ్చు. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకి మేడ ఎక్కి నీడ ఎక్కడిదాకా వస్తోందో సుద్దముక్కతో గీత గీయండి, ఆ తర్వాతే వెండర్‌ను పిలవండి.

కరెంటు పోతే ఆగిపోతాయి, నిజమే. ఆగాలి కూడా! స్తంభం మీద లైన్‌మన్ పనిచేస్తుంటే మీ మేడమీది కరెంటు ఆ తీగలోకి వెళ్లకూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో అది వెనక్కి నడిస్తే పైన వేల వోల్టులవుతుంది. కోతల్లోనూ వెలుగు కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. దొంగదారి వైరింగ్ మాత్రం చేయించకండి.

ఒకటి ఒప్పుకుంటాను. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంటికి సోలార్ ఇప్పుడు డబ్బు మిగల్చదు. అక్కడ ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది, మెసేజ్ రాసినవాళ్లకు అది తట్టనే లేదు. 8.75 కట్టే ఇళ్లే 1.90 ఇళ్ల భారం కొంత మోస్తున్నాయి. పై శ్లాబుల వాళ్లంతా మేడమీదికి మళ్లితే ఆ లోటు ఎవరు పూడ్చాలి? మేడ లేని అద్దె ఇళ్లవాళ్ల మీద పడకుండా చూడాల్సింది టారిఫ్ నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి, ఈఆర్‌సీ. ఏటా బహిరంగ విచారణలు జరుగుతాయి, ఈ ప్రశ్న అక్కడ అడగండి.