రెండు లైన్లతో ఫైర్‌స్టోర్‌లో సెర్చ్ వచ్చేయదు

గూగుల్ క్లౌడ్ డేటాబేస్ ఫైర్‌స్టోర్‌లో ఎస్‌క్యూఎల్ తరహా లైక్ క్వెరీ (మాటలో ఎక్కడున్నా ఒక ముక్కను వెతికే ప్రశ్న) ఎలా రాయాలని అడిగితే చాలు, ఒక రెడీమేడ్ జవాబు వచ్చేస్తుంది. "స్టార్ట్‌ఎట్, ఎండ్‌ఎట్ పెట్టు, రెండు లైన్లలో పార్షియల్ సెర్చ్ అయిపోతుంది. చాలకపోతే పేరుని ముక్కలు చేసి అర్రేలో (జాబితాలో) దాచు. డేటా తక్కువైతే అంతా ఫోన్‌లోకి తెచ్చి అక్కడే వడకట్టు. ఆల్గోలియా లాంటి బయటి సెర్చ్ సర్వీసులు డబ్బు దండగ." నాలుగు మాటల్లోనూ కాస్త నిజం ఉండబట్టే ఇది ఇన్నాళ్లు చెల్లుబాటవుతోంది. (నేను చెప్పేది ఫైర్‌స్టోర్ స్టాండర్డ్ ఎడిషన్‌లోని మామూలు క్వెరీల గురించే.)

ముందు ఆ రెండు లైన్ల సంగతి. పేరు ఫీల్డ్ మీద ఆర్డర్‌బై (వరసలో పేర్చమనే ఆదేశం) పెట్టి, యూజర్ కొట్టిన ముక్క దగ్గర మొదలెట్టమంటారు (స్టార్ట్‌ఎట్). అదే ముక్క చివర యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే పద్ధతిలో) ఎఫ్8ఎఫ్ఎఫ్ కోడ్ ఉన్న అక్షరం తగిలించి, అక్కడ ఆపమంటారు (ఎండ్‌ఎట్). అది ప్రైవేట్ యూజ్ ఏరియాలో (ఎవరి సొంత గుర్తులకో వదిలేసిన చోట) ఆఖరి కోడ్. తెలుగు, ఇంగ్లిష్ అక్షరాలన్నీ దానికి ముందే వస్తాయి కనుక, ఆ ముక్కతో మొదలయ్యే పేర్లన్నీ ఈ రెండు హద్దుల మధ్య పడతాయి. మొదలయ్యేవి మాత్రమే. "అనంత" అని కొడితే అనంతపురం దొరుకుతుంది. "పురం" అని కొడితే అనంతపురం, హిందూపురం, పిఠాపురం ఏవీ రావు. లైక్‌లో రెండు పక్కలా శాతం గుర్తు పెడితే జరిగే పని ఇది కాదు. ఇండెక్స్ (వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) అక్షరక్రమంలో ఉంటుంది, ఫైర్‌స్టోర్ అందులో ఒక వరస ముక్కను చదువుతుంది, అంతే.

ఈ చిట్కా మన పేర్ల దగ్గర ఇంకా త్వరగా చతికిలపడుతుంది. ఇంటిపేరో, దాని పొడి అక్షరమో ముందుంటుంది మనకి. రికార్డులో "కె. వెంకటేశ్వరరావు" అని ఉంటే, "వెంకట" అని వెతికినవాడికి ఖాళీ స్క్రీనే. పేర్లు ఇంగ్లిష్‌లో దాచారా, పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా అడ్డొస్తుంది. అన్నీ చిన్నక్షరాల్లోకి మార్చిన ఇంకో ఫీల్డ్ పెట్టుకోవాల్సిందే.

తెలుగు లిపిలో దాచితే తలనొప్పి వేరు. పొల్లు తర్వాత కొన్నిసార్లు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం చేరుతుంది. "ప్రసాద్" చివర అది ఉన్నా లేకున్నా కంటికి ఒకేలా ఉంటుంది, డేటాబేస్‌కి మాత్రం రెండూ వేర్వేరు. వెతికే మాటలో అది ఉండి, దాచిన పేరులో లేకపోతే ఫలితం సున్నా. ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు రాతల్ని ఒకటి చేసే పద్ధతి) ఈ రెండో తేడాను సరిచేస్తుంది గానీ, ఆ కనిపించని అక్షరాన్ని మాత్రం తీసేయదు. దాన్ని దాచేటప్పుడూ వెతికేటప్పుడూ మనమే ఏరిపారేయాలి. ఆ రెండు లైన్లు పంచేవాళ్లు ఈ మూడో లైన్ గురించి చెప్పరు.

ఇక ముక్కలు చేసి అర్రేలో దాచడం. పనిచేస్తుంది, చిన్న పేర్ల వరకు. "వెంకటేశ్వరరావు" యూనికోడ్ లెక్కలో 14 అక్షరాలు. అందులో వచ్చే వరస ముక్కలు 14ని 15తో గుణించి సగం చేస్తే 105. పేరుకి ఫరవాలేదు. ఇదే పద్ధతి వస్తువు వివరణకో, చిరునామాకో వాడితే ముక్కల మొత్తం పొడవు ఘనం లెక్కన పెరుగుతుంది. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ని బైట్లుగా దాచే పద్ధతిలో) 3 బైట్లు. 140 అక్షరాల వాక్యాన్ని ఇలా ముక్కలు చేస్తే డాక్యుమెంట్‌కి (ఒక్కో రికార్డుకి) ఉన్న 1 ఎంఐబీ (సుమారు పదిన్నర లక్షల బైట్లు) పరిమితి దాటిపోతుంది. 140 అక్షరాలంటే పెద్ద సంగతేం కాదు, ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా రాస్తే చాలు.

పోనీ, అన్ని ముక్కలూ వద్దు, మాటలు మాత్రమే దాచుకుందామంటే ఇంకో గోడ. ఒక క్వెరీలో అర్రే-కంటైన్స్ (అర్రేలో ఈ మాట ఉందా అని అడిగే) షరతులు రెండు పెట్టి, రెండూ ఉన్నవే ఇమ్మనడం కుదరదు. "రావు" కూడా ఉండాలి, "గుంటూరు" కూడా ఉండాలి అని అడగలేం. దీనికి ఒక మంచి దారే ఉంది: మూడేసి అక్షరాల ముక్కల్ని అర్రేలో కాక మ్యాప్‌లో (పేరు-విలువ జతల పట్టీలో) ఆ పేర్లుగా, అంటే 'కీ'లుగా పెట్టి, ఒక్కోదానికి ట్రూ అని సమానత్వ షరతు రాయడం. సింగిల్ ఫీల్డ్ ఇండెక్సుల్ని ఫైర్‌స్టోర్ కలిపి చూసుకుంటుంది. ముక్కలన్నీ ఉన్నా వరసలో లేని డాక్యుమెంట్లు కూడా వస్తాయి కనుక, వచ్చాక మళ్లీ సరిచూడాలి. పైగా ఒక్క అక్షరం తప్పు కొడితే ఏమీ రాదు. నిజానికి ఇది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీ_టీఆర్‌జీఎం ఎక్స్‌టెన్షన్ ఇచ్చే ఇండెక్స్‌నే చేత్తో కట్టుకోవడం.

మూడోది, అంతా ఫోన్‌లోకి తెచ్చుకోవడం. డబ్బు లెక్కే చూద్దాం. ఉచిత కోటా రోజుకి 50,000 రీడ్స్ (ఒక డాక్యుమెంట్ చదివితే ఒక రీడ్). కలెక్షన్‌లో (డాక్యుమెంట్ల గుంపులో) 5,000 డాక్యుమెంట్లుంటే, పదిమంది తలా ఒకసారి యాప్ తెరిచేసరికి ఆ రోజు కోటా అయిపోతుంది. ఒకసారి తెచ్చినదాన్ని ఫోన్‌లో దాచుకునే క్యాష్ కొంత కాపాడుతుంది, కొత్త యూజర్ని కాపాడదు. దీనికన్నా పెద్ద సమస్య, అందరి రికార్డులూ చదివే అనుమతి ప్రతి ఫోన్‌కీ ఇవ్వాల్సి రావడం. ఎవరు ఏది చదవొచ్చో చెప్పే సెక్యూరిటీ రూల్స్ ఫిల్టర్లు కావు. స్క్రీన్ మీద చూపించకపోయినా డేటా ఆ ఫోన్‌లోకి వెళ్లినట్టే. వందో రెండొందలో ఉండి, ఎవరు చూసినా ఇబ్బంది లేని జాబితా అయితే హాయిగా చేసుకోవచ్చు.

నాలుగోది, డబ్బు దండగ అనే మాట. బయటి సెర్చ్ సర్వీస్ వాడమని ఫైర్‌బేస్ (ఫైర్‌స్టోర్ ఉండే గూగుల్ వేదిక) డాక్యుమెంటేషనే చెప్పింది. ఆల్గోలియా ఖరీదనిపిస్తే ఓపెన్ సోర్స్ సెర్చ్ ఇంజిన్ టైప్‌సెన్స్ మన సర్వర్ మీదే పెట్టుకోవచ్చు. అది కూడా ఊరికే రాదు. ఫైర్‌స్టోర్‌లో జరిగిన ప్రతి మార్పునీ సెర్చ్ ఇంజిన్‌కి పంపే కోడ్ రాసుకోవాలి; ఆ క్లౌడ్ ఫంక్షన్లు డిప్లాయ్ చేయాలంటే బ్లేజ్ ప్లాన్ (వాడినంతకు డబ్బు కట్టేది) కావాలి. మార్పు జరగ్గానే ఆ కోడ్‌ని నడిపే ట్రిగ్గర్ ఒకే మార్పుకి రెండుసార్లు నడవచ్చు, మార్పులు వరస తప్పీ రావచ్చు. అందుకని ఈవెంట్‌లో వచ్చిన డేటాను నమ్మకుండా, డాక్యుమెంట్‌ని మళ్లీ చదివి ఇండెక్స్‌కి పంపడం మంచిది.

ఆ రెండు లైన్లు సరిగ్గా సరిపోయే చోట్లూ ఉన్నాయి: హాల్ టికెట్ నంబర్లు, పిన్ కోడ్‌లు, బిల్లు నంబర్లు. జనం వాటిని మొదటి నుంచే కొడతారు. కాకపోతే నంబరుగా కాదు, స్ట్రింగ్‌గా దాచాలి. ఫోన్ నంబర్‌ని చివరి నాలుగంకెలతో వెతకాలంటే, దాన్ని తిరగేసి ఇంకో ఫీల్డ్‌లో పెట్టి, యూజర్ కొట్టిన అంకెల్నీ తిరగేసి, అదే స్టార్ట్‌ఎట్, ఎండ్‌ఎట్ వాడితే సరిపోతుంది.